మొదటి స్నోబోర్డ్ కొనబోయే అమ్మాయిలకి: ముందు బూట్లు, తర్వాతే బోర్డు

నేను సియాటిల్ దగ్గర ఉంటాను. ఇక్కడ డిసెంబర్ దాటిందంటే శనివారం తెల్లారకముందే ఐ-90 హైవే మీద స్నోక్వాల్మీ స్కీ కొండల వైపు కార్లు బారులు తీరిపోతాయి, అందులో మనవాళ్ల కార్లూ బోలెడు. నన్ను అక్కా అని పిలిచే అమ్మాయిలు ఇద్దరు ముగ్గురు ప్రతి సీజన్‌లో ఫోన్ చేసి ఒకటే అడుగుతారు, అక్కా స్నోబోర్డు (రెండు కాళ్లూ అడ్డంగా కట్టుకుని స్నో మీద జారే పలక) కొందామనుకుంటున్నా ఏది కొనాలి అని. ప్రతిసారీ గంటసేపు చెప్తున్నా కాబట్టి ఈసారి మొత్తం రాసేస్తున్నా.

ముందు నా సంగతి చెప్పాలి, ఎందుకంటే నేను చెప్పబోయేదంతా అక్కడినుంచే వచ్చింది. మొదటి సీజన్‌లో నేనేమీ కొనలేదు, మా ఆయన ఫ్రెండ్ ఒకాయన కొత్త బోర్డు కొనుక్కుని పాతది మాకిచ్చాడు, 158 సెంటీమీటర్ల వైడ్ బోర్డు, ఊరికే వస్తుంటే ఎందుకు కాదనాలి అని తీసేసుకున్నాం. ఆ ఫ్రెండ్ ఆరడుగుల మనిషి, 90 కిలోలు ఉంటాడు. నేను అయిదడుగుల రెండంగుళాలు, అప్పట్లో 54 కిలోలు. నాలుగు శనివారాలు వెళ్లా, నాలుగు శనివారాలూ పడటంతోనే సరిపోయింది. మడమల మీద ఎలాగో నిలబడేదాన్ని గానీ కాలివేళ్ల వైపుకి తిప్పుదామంటే బోర్డు కదిలేదే కాదు, కదిలాక ఆగేది కాదు. చూసినవాళ్లంతా భయపడుతున్నావ్ అందుకే రావట్లేదు అన్నారు, నేనూ అదే నమ్మేశా. అయిదోసారి పొద్దున్నే బూటుని బోర్డుకి పట్టి ఉంచే బైండింగ్ స్ట్రాప్ తెగిపోయింది, ఇంత దూరం వచ్చాం కదా అని కొండ దగ్గరే అద్దెకి అడిగితే కౌంటర్‌లో అమ్మాయి నా బరువూ బూటు సైజూ కనుక్కుని 142 ఆడవాళ్ల బోర్డు చేతిలో పెట్టింది. అదే స్లోప్, అదే స్నో, అదే నేను. మధ్యాహ్నానికల్లా రెండు వైపులా మలుపు తిరుగుతున్నా. కొండ పైకి తీసుకెళ్లే కుర్చీ లిఫ్ట్ మీద కూర్చుని నిజంగా ఏడ్చేశా, అన్ని వారాలు నన్ను నేను తిట్టుకున్నందుకు.

అందుకే మీకు బోర్డు తిరగట్లేదంటే ధైర్యం గురించి ఆలోచించేముందు కాళ్ల కింద ఏముందో చూడండి.

మొట్టమొదట, కొనకండి. మూడు నాలుగుసార్లు అద్దెకి తీసుకుని వెళ్లండి. చాలా రిసార్టుల్లో మొదటిసారి వచ్చేవాళ్లకి లెసన్, రెంటల్, బిగినర్ లిఫ్ట్ టికెట్ కలిపి ప్యాకేజీ ఉంటుంది, అది తీసుకోండి, ఇంట్లోవాళ్లు నేర్పిస్తాం అంటే నవ్వి ఊరుకోండి, ఎందుకంటే బాగా వచ్చినవాళ్లకి తమకెలా వచ్చిందో గుర్తుండదు. రెండు మూడుసార్లు వెళ్లాక మీకు ఇది నచ్చిందో లేదో తెలుస్తుంది, ఏ కాలు ముందుంటే బాగుందో తెలుస్తుంది. సీజన్ రెంటల్ అని ఇంకొకటి ఉంది, చలికాలం మొత్తానికి ఒకేసారి డబ్బులు కట్టి బోర్డూ బూట్లూ మీ దగ్గరే పెట్టుకోవచ్చు, ఏడాదికి అయిదారుసార్లు వెళ్లేవాళ్లకి మొదటి ఏడాది ఇదే మంచి పద్ధతి అని నా అభిప్రాయం. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో గుల్మార్గ్‌కో ఔలికో ఒక వారం వెళ్దామనుకునేవాళ్లు అసలు బోర్డు కొనే పనే పెట్టుకోవద్దు, అక్కడే అద్దెకి తీసుకోండి, కాకపోతే మీ సైజు బూట్లు ఉన్నాయో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

ఇంకో చిన్న మాట, యూటాకి ట్రిప్ వేసుకునేవాళ్లు గుర్తుపెట్టుకోండి, అక్కడ ఆల్టాలోనూ డీర్ వ్యాలీలోనూ స్నోబోర్డులు రానివ్వరు, స్కీలకే. వెర్మాంట్‌లో మ్యాడ్ రివర్ గ్లెన్ కూడా అంతే. టికెట్లు కొన్నాక తెలిస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ఏ కాలు ముందు అనేదానికి పెద్ద పరీక్ష అక్కర్లేదు. ఇంట్లో నున్నటి ఫ్లోర్ మీద సాక్స్ వేసుకుని నాలుగడుగులు పరిగెత్తి జారండి, తెలియకుండా ఏ కాలు ముందుకొస్తే అదే మీ ముందు కాలు. ఎడమ కాలు ముందుంటే రెగ్యులర్ అంటారు, కుడి కాలైతే గూఫీ. ఏదైనా ఒకటే, గూఫీ అంటే తప్పని కాదు. రెండూ సమానంగా అనిపిస్తే అద్దె బోర్డు మీద రెండు రకాలూ చూసుకోండి.

ఇప్పుడు అసలు విషయం, బూట్లు. అందరూ బోర్డు మీద పువ్వులూ రంగులూ చూసి మురిసిపోయి డబ్బంతా దానికి పెట్టేసి మిగిలిన దాంతో బూట్లు కొంటారు, ఇది పూర్తిగా తలకిందులు. మీ కాలు చెప్పింది బోర్డుకి చేరేది బూటు ద్వారానే, బూటు లోపల పాదం అటూ ఇటూ కదులుతుంటే మీరు ఎంత వంగినా బోర్డుకి కబురే అందదు. పైగా కొనాల్సిన బోర్డు వెడల్పు మీ బూటు సైజుని బట్టే ఉంటుంది కాబట్టి ఎలా చూసినా వరసలో బూట్లే ముందు.

ఇందులో నాకో చేదు అనుభవం ఉంది. మొదటి బూట్లు కొన్నప్పుడు ఒక షాపులో కుర్రాడు నా కాలు కొలవకుండానే మీరు మామూలు షూ ఏ సైజు వేస్తారు అనడిగాడు, ఏడు అన్నా, అయితే మందపాటి సాక్స్ వేసుకుంటారు కదా ఎనిమిది తీసుకోండి అన్నాడు. సుఖంగానే ఉన్నాయి కదా అని తెచ్చుకున్నా. ఆ సుఖం షాపులోనే. కొండ మీద కాలివేళ్ల వైపు వాలిన ప్రతిసారీ మడమ లోపల పైకి లేచేది, లేవకుండా ఉండాలని లేసులు బిగిస్తే పాదం తిమ్మిరెక్కేది, తిమ్మిరెక్కిందని వదులు చేస్తే మళ్లీ మడమ లేచేది. సీజనంతా అదే గోల. కాబట్టి మీరు ఇలా చేయండి.

సాయంత్రం పూట వెళ్లండి, నడిచి నడిచి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. గోడకి మడమ ఆనించి నిలబడి పాదం పొడవు సెంటీమీటర్లలో కొలిపించుకోండి, స్నోబోర్డ్ బూట్లకి ఆ కొలతే అసలు సైజు, దాన్ని మోండో అంటారు, బూటు నాలుక మీదో డబ్బా మీదో రాసి ఉంటుంది. 24 సెంటీమీటర్లంటే అమెరికా ఆడవాళ్ల సైజు 7 అన్నమాట. రెండు పాదాలూ కొలవండి, చాలామందికి ఒకటి కాస్త పెద్దది ఉంటుంది, పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోండి. సాక్స్ ఒక్క జతే, పలచటివి, ఊలు కలిసినవి, మోకాలి కింద దాకా వచ్చేవి. రెండు జతల సాక్స్ వేసుకుంటే వెచ్చగా ఉంటుందనుకుంటాం గానీ రక్తం ఆడక ఇంకా చల్లబడతాయి కాళ్లు, నూలు సాక్స్ అయితే చెమటకి తడిసి ఇంకా ఘోరం.

బూటులో కాలు పెట్టాక లేసు కట్టేముందు మడమని నేలకేసి రెండు మూడుసార్లు వెనక్కి గట్టిగా తన్నండి, మడమ వెనక గుంటలో కూర్చోవాలి. అప్పుడు లైనర్, అంటే బూటు లోపలి మెత్తటి పొర, బిగించి తర్వాత బయటి లేసు బిగించండి. నిటారుగా నిలబడితే కాలివేళ్లు బూటు లోపల ముందు భాగానికి తగలాలి, ముడుచుకుపోకూడదు, ఊరికే తగలాలి. ఇప్పుడు మోకాళ్లు వంచండి, వేళ్లు కాస్త వెనక్కి జరిగినట్టు అనిపించాలి. అలాగే వంగి మునివేళ్ల మీద లేవండి, పక్కన ఎవరినైనా మీ బూటు మడమ దగ్గర చెయ్యి పెట్టి నేలకి నొక్కి పట్టుకోమనండి, లోపల మీ మడమ పైకి జారుతోందా? జారితే ఆ బూటు మీది కాదు, ఎంత డిస్కౌంట్ ఉన్నా పక్కన పెట్టేయండి. జారకపోతే విప్పకుండా షాపులోనే పదిహేను ఇరవై నిమిషాలు తిరగండి, బోర్డులు చూడండి, ఫోన్ మాట్లాడండి, ఎక్కడైనా ఒకే చోట సూదిలా నొప్పి వస్తుంటే అది తర్వాత కూడా పోదు. మొత్తం చుట్టూ బిగుతుగా ఉంటే మాత్రం భయపడొద్దు, లోపల ఫోము నాలుగు రోజులు వాడాక మీ పాదం అచ్చుకి వచ్చేస్తుంది, అందుకే కొత్తవి కాస్త బిగుతుగా ఉండటమే మంచిది. కొన్ని షాపుల్లో లైనర్‌ని వేడి చేసి మీ కాలికి పట్టేలా చేసిస్తారు, అడగండి.

మనలో చాలామందికి పిక్కలు లావుగా ఉంటాయి, ఆడవాళ్ల పిక్క మగవాళ్లకంటే కిందకి ఉంటుంది కూడా, అందుకే ఆడవాళ్ల బూట్లకి పైభాగం కాస్త విచ్చుకుని ఉంటుంది, మడమ దగ్గర సన్నగా ఉంటుంది. మగవాళ్ల బూటులో చిన్న సైజు దొరికింది కదా అని తీసుకుంటే ఈ రెండు చోట్లా ఇబ్బందే. ఇక కట్టుకునే పద్ధతి, మామూలు లేసులు, లాగి బిగించే స్పీడ్ లేసులు, బోవా అని గుండ్రటి నాబ్ తిప్పితే తీగ బిగుసుకునేది, ఇలా మూడు రకాలు. చలిలో వేళ్లు కొంకర్లు పోతున్నప్పుడు బోవా చాలా హాయి, రెండు నాబ్‌లు ఉన్నదైతే పైన ఒకలా కింద ఒకలా బిగించుకోవచ్చు, నేను అదే వాడతా. బూటు గట్టిదనంలో మొదట్లో మెత్తటిదే తీసుకోండి.

సరే బూట్లు అయ్యాయి, ఇప్పుడు బోర్డు.

పొడవు విషయంలో అందరూ చెప్పేది ఒకటే, బోర్డు నిలబెడితే గడ్డానికో ముక్కుకో రావాలి అని. ఇది పాతకాలం లెక్క, దీన్ని నమ్ముకోవద్దు. బోర్డుకి మీ ఎత్తు తెలీదు, దాని మీద పడే బరువే తెలుసు. ఒకే ఎత్తున్న ఇద్దరు అమ్మాయిల్లో ఒకరు 48 కిలోలు ఇంకొకరు 70 కిలోలు ఉంటే ఇద్దరికీ ఒకే బోర్డు ఎలా సరిపోతుంది? బరువుకి మించి పొడుగైతే అది వంగదు, వంగకపోతే తిరగదు. మరీ పొట్టిదైతే కాస్త వేగం రాగానే వణుకుతుంది, పట్టు ఉండదు. ప్రతి మోడల్‌కీ కంపెనీవాళ్లు బరువుల పట్టిక ఇస్తారు, అది చూసి మీ బరువు ఏ సైజు పరిధిలో పడుతుందో చూడండి, రెండు సైజుల్లో పడితే కొత్తగా నేర్చుకునేవాళ్లు చిన్నది తీసుకోండి. సుమారుగా చెప్పాలంటే 50 కిలోల దగ్గర ఉన్నవాళ్లకి 138 నుంచి 143, 55 నుంచి 60 అయితే 142 నుంచి 147, 65 దాటితే 147 నుంచి 151, 75 దగ్గరైతే 150 పైన, ఇలా ఉంటుంది. ఇది అంచనా మాత్రమే, మోడల్ పట్టిక వేరేలా చెప్తే పట్టిక మాటే వినండి. బరువు దగ్గర మొహమాటపడి తగ్గించి చెప్పకండి, షాపులోవాడు అడిగేది మీకు సరైన బోర్డు ఇవ్వడానికే.

వెడల్పు దగ్గరకి వస్తే, నా 158 బోర్డు రహస్యం ఇక్కడే ఉంది. బోర్డు మధ్యలో సన్నటి భాగాన్ని నడుము అంటారు, కొలత మిల్లీమీటర్లలో ఉంటుంది. నా పాదం 24 సెంటీమీటర్లు. ఆ వైడ్ బోర్డు నడుమే 26 సెంటీమీటర్లు దాటి ఉంటుంది, కాళ్లు పెట్టే చోట ఇంకా వెడల్పు. అంటే నా వేళ్లు ఒకవైపు అంచు దాకా వెళ్లనే లేదు, మడమ ఇంకోవైపు అంచు దాకా రాలేదు. పీట చివర తొక్కితే లేస్తుంది, మధ్యలో నిలబడి ఎంత తొక్కితే మాత్రం ఏం లేస్తుంది? స్నోబోర్డ్ తిరగడమంటే ఒక అంచు మీంచి ఇంకో అంచు మీదకి బరువు మార్చడమే, అంచు దాకా కాలే అందకపోతే ఎవరి తరమూ కాదు.

కాబట్టి బూటు బోర్డుకి అడ్డంగా పెట్టినప్పుడు వేళ్ల వైపు ఒక సెంటీమీటరు నుంచి రెండు, మడమ వైపు కూడా అంతే బయటికి రావాలి. రాకపోతే బోర్డు వెడల్పెక్కువ. రెండు దాటి వస్తే వాలినప్పుడు బూటు స్నోకి రాసుకుని పడేస్తుంది. అమెరికా సైజు 7 లోపు బూట్లయితే నడుము 235 నుంచి 240 మిల్లీమీటర్ల దగ్గర చూడండి, 8, 9 అయితే 240 నుంచి 246, తొమ్మిదిన్నర, పది దాటితే ఇంకా వెడల్పు కావాలి, అప్పుడు ఆడవాళ్ల బోర్డుల్లో వెడల్పుగా చేసినవి ఉన్నాయా చూడండి, లేకపోతే మగవాళ్ల చిన్న సైజు తీసుకోండి, తప్పేం లేదు. షాపులోనే బూటు తీసి బోర్డు మీద బైండింగ్ రంధ్రాల దగ్గర పెట్టి కళ్లతో చూసుకుంటే ఈ లెక్కలన్నీ కూడా అక్కర్లేదు.

మరి ఆడవాళ్ల బోర్డు అంటే రంగు ఒకటేనా తేడా అని అడుగుతుంటారు. కాదు, చాలా వాటిల్లో నిజమైన తేడా ఉంటుంది, నడుము సన్నగా ఉంటుంది, లోపల చెక్క పలచగా ఉంటుంది, తక్కువ బరువుకే వంగేలా చేస్తారు. అసలు ఈ ఆటకి మూలమే ఆడపిల్లలు. 1965లో క్రిస్మస్ రోజున మిషిగన్‌లోని మస్కెగాన్‌లో షెర్మన్ పాపెన్ అనే ఆయన తన కూతుళ్లు ఆడుకోవడానికి రెండు స్కీలు పక్కపక్కన బిగించి ఇచ్చాడు, దానికి స్నర్ఫర్ అని పేరు పెట్టింది ఆయన భార్య, అదే ఇవాళ్టి బోర్డుకి తాత. 1998లో జపాన్‌లోని నగానోలో స్నోబోర్డింగ్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది. 2018 ఒలింపిక్స్‌లో అమెరికా అమ్మాయి క్లోయీ కిమ్ 17 ఏళ్లకే హాఫ్‌పైప్‌లో (సగానికి కోసిన గొట్టంలా ఉండే స్నో కాలువలో ఆడే పోటీ) బంగారు పతకం కొట్టింది, 2022లో మళ్లీ కొట్టింది. ఇది మగపిల్లల ఆట అనేవాళ్లు ఎవరైనా ఎదురైతే ఈ మాట చెప్పండి.

తర్వాత చూడాల్సింది బోర్డు వంపు. దీనికి పేర్లు చాలా ఉన్నాయి, కంగారుపడకండి, బోర్డుని నున్నటి నేల మీద పెట్టి పక్కనుంచి కళ్లు ఆనించి చూస్తే తెలిసిపోతుంది. మధ్యలో నేలకి తగలకుండా పైకి లేచి రెండు చివర్ల దగ్గరా ఆనుతుంటే క్యాంబర్. మధ్యలో ఆని చివర్లు అరటిపండులా పైకి లేస్తే రాకర్. మధ్యంతా పీటలా ఆనితే ఫ్లాట్. ఇవి కలిపి చేసినవి హైబ్రిడ్. కొత్తవాళ్లని ఎక్కువగా పడేసేది ఎడ్జ్ క్యాచ్, అంటే బోర్డు జారుతున్నప్పుడు కిందవైపు అంచు ఉన్నట్టుండి స్నోలో గుచ్చుకోవడం, ఒక్క క్షణంలో మనిషిని చాప చుట్టినట్టు విసిరేస్తుంది. క్యాంబర్ బోర్డులో చివర్లు ఎప్పుడూ నేలకి ఆనే ఉంటాయి కాబట్టి అది ఎక్కువ. రాకర్‌లోనూ, చివర్లు కాస్త లేచిన ఫ్లాట్‌లోనూ ఇది బాగా తక్కువ. అందుకని మొదటి బోర్డు ఫ్లాట్, లేదా చివర్లలో రాకర్ ఉన్న హైబ్రిడ్ తీసుకోండి అని నేనంటాను. పూర్తి రాకర్ మరీ సులువుగా తిరుగుతుంది, కానీ గట్టి స్నో మీద సబ్బు మీద నిలబడ్డట్టు ఉంటుంది.

ఇది మీరెక్కడ ఉంటారన్న దాన్ని బట్టి కూడా మారుతుంది. మాకు ఇక్కడ స్నో తడిగా బరువుగా ఉంటుంది, క్యాస్కేడ్ కాంక్రీట్ అని పేరే పెట్టారు, అందులో ముక్కు లేచి ఉన్న బోర్డు మునగకుండా పోతుంది. న్యూజెర్సీలో ఉండి పోకనోస్‌కో వెర్మాంట్‌కో వెళ్లే మన అమ్మాయిలకి కాలి కింద సగం రోజులు ఐసే, వాళ్లు రాకర్ జోలికి పోకుండా కాళ్ల కింద కాస్త క్యాంబర్ ఉన్న హైబ్రిడ్ చూసుకోవాలి, లేదా అంచు కత్తిపీట పళ్లలా అలలు అలలుగా ఉండే మ్యాగ్నట్రాక్షన్ బోర్డులు చూడండి, జీఎన్‌యూ, రాక్సీ, లిబ్ టెక్ బోర్డుల్లో చాలావాటికి అది ఉంటుంది, ఈ మూడింటినీ చేసేది మా వాషింగ్టన్‌లోనే కార్ల్స్‌బోర్గ్ అనే ఊళ్లో ఉన్న మెర్విన్ కంపెనీవాళ్లు. డెన్వర్ వైపు వాళ్లకి పొడి స్నో, అక్కడ ఏదైనా నడుస్తుంది.

మిగిలినవి గబగబా చెప్పేస్తా. గట్టిదనానికి 1 నుంచి 10 దాకా అంకె వేస్తారు, 2, 3, మహా అయితే 4 తీసుకోండి. బోర్డుని నేల మీద నిలబెట్టి మధ్యలో అరచేత్తో నొక్కితే మీ బలానికి వంగాలి. ఆకారం ట్విన్ (రెండు చివర్లూ ఒకేలా ఉండేది) కానీ డైరెక్షనల్ ట్విన్ (దాదాపు అంతే, కాస్త ముందు వైపుకి పోవడానికి అనువుగా చేసింది) కానీ, రెండూ ఫర్వాలేదు. అడుగుభాగం ఎక్స్‌ట్రూడెడ్, సింటర్డ్ అని రెండు రకాలు, ఎక్స్‌ట్రూడెడ్ చవక, జారడానికి రాసే వ్యాక్స్ (మైనం) తరచుగా వేయక్కర్లేదు, గీతలు పడితే బాగుచేయడం తేలిక, మొదటి బోర్డుకి అదే చాలు. పేర్లు అడుగుతారు కాబట్టి చెప్తున్నా, బర్టన్ హైడవే, సాలమన్ లోటస్, జీఎన్‌యూ బీ-నైస్ లాంటివి ఈ కోవలోవి, వీటి చుట్టుపక్కల ఏది మీ సైజులో తక్కువ ధరకి దొరికినా తీసుకోవచ్చు. అడ్వాన్స్‌డ్ అని రాసి ఉన్నదాన్ని నేర్చుకున్నాక పనికొస్తుందిలే అని ముందే కొనకండి, దాని మీద నేర్చుకోవడమే ఆలస్యమవుతుంది.

బైండింగ్స్ అంటే బూటుని బోర్డుకి పట్టి ఉంచేవి. రెండు స్ట్రాప్‌లు ఉండే మామూలువి తీసుకోండి, మెత్తటివి, మీ బూటు సైజుకి సరిపడేవి, ఆడవాళ్ల వాటిల్లో వెనక ఆనే భాగం పొట్టిగా ఉంటుంది పిక్కకి గుచ్చుకోకుండా. బూటుని షాపుకి పట్టుకెళ్లి అందులో పెట్టి చూడండి, మడమ వెనక సందు లేకుండా కూర్చోవాలి, స్ట్రాప్‌లు పాదం మధ్యకి రావాలి. ఇంకోటి, బర్టన్ బోర్డుల్లో చాలావాటికి రంధ్రాల బదులు పొడుగాటి గాడి ఉంటుంది, ఛానెల్ అంటారు, మీరు కొనే బైండింగ్ దానికి పడుతుందా లేదా అడిగి మరీ కొనండి. కూర్చోకుండా నిలబడే తొక్కి బిగించేసుకునే స్టెప్ ఆన్ రకం కూడా ఉంది, నడుము నొప్పి ఉన్నవాళ్లకీ పిల్లలతో వెళ్లేవాళ్లకీ బాగుంటుంది, కాకపోతే దానికి ప్రత్యేకం ఆ రకం బూట్లే కావాలి, ఖర్చు కూడా ఎక్కువ.

డబ్బుల సంగతి. కొత్తగా అయితే బిగినర్ బోర్డు సుమారు 300 నుంచి 450 డాలర్లు, బైండింగ్స్ 150 నుంచి 250, బూట్లు 150 నుంచి 300 దాకా అనుకోండి. మార్చి, ఏప్రిల్‌లో సీజన్ అయిపోయేటప్పుడు అదే సరుకు బాగా తగ్గుతుంది, పోయినేటి మోడల్‌కీ ఈ ఏటి మోడల్‌కీ చాలాసార్లు బొమ్మ ఒకటే తేడా. బడ్జెట్ చాలకపోతే బూట్లు కొత్తవి కొని బోర్డు సెకండ్ హ్యాండ్ తీసుకోండి, బూట్లు మాత్రం ఎవరివో వాడినవి వద్దు, లోపలి ఫోము వాళ్ల పాదం అచ్చుకి అణిగిపోయి ఉంటుంది.

సెకండ్ హ్యాండ్ బోర్డు చూసేటప్పుడు అంచు మీద గోరు పెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా లాగండి, ఇనుము ఎక్కడైనా విరిగిందా, చెక్క నుంచి విడిపోయి లేచిందా తెలుస్తుంది. పైపై తుప్పు రుద్దితే పోతుంది, విరిగింది పోదు. అడుగున గీతలు ఉంటాయి, ఫర్వాలేదు, కానీ గుంట లోతుగా పడి లోపలి చెక్క కనపడుతుంటే నీళ్లు తాగేసి ఉంటుంది, వదిలేయండి. పక్కల్లో పొరలు విచ్చుకున్నాయేమో బొటనవేలితో నొక్కి చూడండి. బైండింగ్ స్క్రూలు పట్టే రంధ్రాలు అరిగాయేమో ఒక స్క్రూ బిగించి చూడండి. స్ట్రాప్‌లో పళ్లు అరిగితే మార్చుకోవచ్చు, విడి స్ట్రాప్‌లు దొరుకుతాయి.

హెల్మెట్ కొత్తదే కొనండి, పాతదానికి లోపల దెబ్బ తగిలిందేమో కంటికి కనపడదు. మణికట్టు గార్డులు కూడా తప్పకుండా కొనండి, కొత్తవాళ్లకి ఎక్కువగా తగిలే దెబ్బ మణికట్టుకే, పడేటప్పుడు చెయ్యి చాచి ఆనడం మన చేతిలో ఉండదు, అప్పటికే అయిపోతుంది. లోపల వేసుకునే ప్యాడెడ్ షార్ట్స్ ఉంటాయి, తుంటి ఎముక మీద కూలబడిన రోజు దాని విలువ తెలుస్తుంది, ఎవరికీ బయటికి కనపడవు కూడా.

బోర్డు ఇంటికొచ్చాక బైండింగ్స్ షాపువాళ్లతోనే బిగించుకోవచ్చు, మీరే బిగిస్తే ముందు కాలి వేళ్లు బోర్డు ముందు చివర వైపుకి 15 డిగ్రీలు, వెనక కాలి వేళ్లు వెనక చివర వైపుకి 9 నుంచి 12 డిగ్రీలు తిప్పి పెట్టి మొదలుపెట్టండి, మోకాళ్లకి అలవాటైన కోణం అది. రెండు కాళ్ల మధ్య దూరం బోర్డు మీద గుర్తులు ఉంటాయి, అక్కడ పెట్టండి, పొట్టిగా ఉన్నవాళ్లు ఒక రంధ్రం లోపలికి జరుపుకోండి. తర్వాత హాల్లో తివాచీ మీద బోర్డు వేసి బూట్లు బిగించుకుని మోకాళ్లు వంచి అయిదు నిమిషాలు నిలబడండి, ముందుకి వాలండి, వెనక్కి వాలండి, గోడ పట్టుకోండి. మోకాలు లోపలికి తిరిగినట్టు అనిపిస్తే కోణం మార్చండి, కొండ మీద చలిలో స్క్రూడ్రైవర్‌తో కుస్తీ పడేకంటే ఇది నయం. అయినా ఒక స్క్రూడ్రైవర్ జేబులో ఉంచండి, మొదట రెండుసార్లు కొండ మీంచి జారాక స్క్రూలు వదులవుతాయి, మళ్లీ బిగించాలి.

మొదటి రోజు కొత్త బోర్డుతో తిన్నగా పెద్ద లిఫ్ట్ ఎక్కేయకండి. మ్యాజిక్ కార్పెట్ (కొత్తవాళ్లని చిన్న వాలు పైకి తీసుకెళ్లే, నేల మీద కదిలే బెల్టు) దగ్గర ఒక కాలే కట్టుకుని అరగంట జారండి, వెనక కాలు బైండింగ్ పక్కన ఆనించి. లిఫ్ట్ దిగేటప్పుడు చేయాల్సింది అదే, చాలామంది పడేది అక్కడే.

సాయంత్రం ఇంటికి రాగానే ఎంత అలిసిపోయినా ఒక్క పని చేయండి. బోర్డుని కారులో తడి బ్యాగులో వదిలేయకుండా తెచ్చి పాత తువ్వాలుతో రెండు అంచులూ పొడిగా తుడవండి, రాత్రికి రాత్రే తుప్పు మొదలవుతుంది. బూట్ల లైనర్లు బయటికి లాగి గాలికి పెట్టండి, హీటర్ మీద పెట్టొద్దు, ఫోము పాడైపోతుంది. మా ఇంట్లో ఆదివారం పొద్దున వంటింటి కుర్చీల మీద నాలుగు లైనర్లు ఆరుతుంటాయి, నావి రెండు, మా అమ్మాయివి రెండు. దానికి తొమ్మిదేళ్లు, దాని బోర్డు 115, బరువు చూసే కొన్నాం.